రెండు గంటల ఎండ

ఆ ఆదివారం పొద్దున అమ్మ పెట్టిన కేకకి నేను బ్రష్షు నోట్లో పెట్టుకునే ముందుగదిలోకి పరిగెత్తేసరికి, కిటికీ గట్టు మీదున్న ఆమె కాక్టస్ నెత్తి కాలిపోయి ఉంది.

వాడిపోవటం కాదు, కుళ్లటం కాదు. కాలటమే. జానెడున్నర ఎత్తున పచ్చటి స్తంభంలా ఉండే మొక్క అది. దాని పై కొసన కోటు బొత్తాం అంత మేర రంగు పోయి, సున్నం పూసినట్టు తెల్లబడి, అంచులు గోధుమరంగుకి తిరిగాయి. కాలినవాటిని చూడటమే నా ఉద్యోగం. బీమా కంపెనీ తరఫున, తగలబడిన గోడౌన్లకీ దుకాణాలకీ వెళ్లి, దానంతట అది అంటుకుందో, ఎవరైనా అంటించారో తేల్చి రాస్తాను. పదకొండేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న సూత్రం ఒక్కటే. ముందు ఇంట్లోవాళ్లని అడగాలి.

"ఎవరు చేశారిది?" అన్నాను.

"దాన్ని ఎవరేం చేస్తారే? అదే అందర్నీ చేస్తుంది," అంది పిన్ని వంటగది గుమ్మంలోంచి, గుడ్డ చుట్టిన బొటనవేలు చూపిస్తూ. పిన్ని అమ్మకి చెల్లెలు. మాతోనే ఉంటుంది, ఒక స్కూలు లైబ్రరీలో పని. "నిన్న తెర లాగుతుంటే పొడిచింది, ముళ్లవెధవ!"

వేలి కట్టు కొత్తది. గుర్తుపెట్టుకున్నాను.

అమ్మ మా మాటలు వినడం లేదు. కుండీ అంచు మీద వేలు తిప్పుతూ వెతుకుతోంది. "గీత గదివైపు ఉండాలి. గోడవైపు ఉందేంటి?"

ఆ గీత సంగతి చెప్పాలి. అమ్మ ఆసుపత్రి మందుల కౌంటరులో పనిచేస్తుంది. ఈ మొక్క ఆరేళ్లుగా ఆ కౌంటరు మీద, ట్యూబులైటు కింద బతికింది. వెలుతురు చాలక నడుము సన్నబడి, పాలిపోయి, పొడుగ్గా సాగింది. ఎండాకాలం మొదట్లో అమ్మ దాన్ని ఇంటికి తెచ్చింది. తెచ్చినరోజే పిన్ని, "ఎడారి మొక్కేగా అక్కా, మిద్దె మీద పడేయ్, అదే బతుకుతుంది," అంది. అమ్మ ఒప్పుకోలేదు. ఆమెకి వెలుతురు కూడా మందే. మందంటే డోసు. మొదటివారం కిటికీకి నాలుగడుగుల దూరంలో స్టూలు మీద పెట్టింది. ప్రతి ఆదివారం ఒక్క అడుగు ముందుకి. ఐదో ఆదివారం గట్టు మీదకి ఎక్కించింది. అప్పుడు కూడా ఎండ నేరుగా తగలకుండా పల్చటి తెల్లగుడ్డని రెండు పిన్నీసులతో తెరకి కుట్టినట్టు పెట్టింది. అది తూర్పు కిటికీ, పదకొండున్నర దాటేదాకా ఎండ ఉంటుంది. మొక్క ఒకవైపుకే వంగిపోకుండా కుండీ అంచు మీద పెన్సిలుతో సన్నగా ఒక గీత గీసి, వారానికోసారి పావువంతు తిప్పేది. ఎప్పుడు ఎక్కడ పెట్టిందీ, గీత ఎటు ఉందీ, కిటికీ పక్కన అంటించిన కాగితం మీద రాసేది.

కాగితం మీద 'గది' అని ఉంది. గీత గోడవైపు ఉంది.

"నువ్వే మర్చిపోయి ఎక్కడో ఎండలో పెట్టుంటావు," అన్నాడు నాన్న, రేడియో చెవికి ఆనించుకుని. ఈమధ్య పేపరు మానేశాడు, అన్నీ అబద్ధాలే రాస్తున్నారని.

అమ్మ తిరిగింది. "నేనా? డోసు నేను మర్చిపోయానా? ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్క సీసా తారుమారు చేశానా? మందులిచ్చే మనిషిని పట్టుకుని మతిమరుపంటారేంటి?"

"మందులు వేరు, మొక్కలు వేరు."

"అలాగే! మీకు గోడగడియారాలు వేరు, చేతి వాచీలు వేరు అని నేనెప్పుడైనా అన్నానా?"

వాచీలు బాగుచేసే నాన్న రేడియో శబ్దం పెంచాడు. పిన్ని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మొక్క గట్టు ఎక్కి సరిగ్గా వారం. నాలుగు వారాలు స్టూలు మీదున్నప్పుడు ఎవరూ జోలికి రాలేదు. గట్టు ఎక్కగానే కాలింది. ఇలాంటివి కాకతాళీయం అని రాస్తే మా ఆఫీసులో నవ్వుతారు.

మర్నాడు కుండీని అట్టపెట్టెలో పెట్టుకుని, ఊరి చివర నర్సరీ ఆయన దగ్గరికి వెళ్లాను. వేడినీళ్లా, ఇస్త్రీపెట్టా అని నా అనుమానం. ఆయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, మొక్కని ఒక్కసారి తిప్పి చూసి, తేల్చేశాడు.

"ఎండదెబ్బ."

"కిటికీలో ఉందండీ. గుడ్డ కూడా అడ్డముంది."

"కిటికీ ఎండ పక్కనుంచి వస్తుందమ్మా. కాలితే పక్కన కాలాలి. ఇది నడినెత్తిన కాలింది. మిట్టమధ్యాహ్నం, ఆకాశం కింద, తీసుకెళ్లి నిలబెట్టారు. ఒక్కరోజు కాదు, నాలుగైదు రోజులు."

"కాక్టస్‌కి ఎండంటే భయమేంటండీ?"

"ఎడారిలో పుట్టింది దీని తాతలు. ఇది ఆఫీసులో పెరిగింది. మీరు నాలుగు నెలలు మంచం మీదుండి లేచి, మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా రోడ్డెక్కండి, ఏమవుతుందో చూద్దాం." మచ్చ పక్కన గోటితో తట్టాడు. "వెలుతురు తక్కువైతే సన్నబడుతుంది, మెల్లగా బాగుచేసుకోవచ్చు. ఎక్కువైతే ఇదిగో, ఇలా. ఈ మచ్చ ఇక పోదు. పైన కొత్తగా పెరిగేది బాగుంటుంది, అంతే."

ఆ సాయంత్రం టీలు తాగుతున్నప్పుడు అందరి ముందూ ఆ మాటే చెప్పాను. మధ్యాహ్నం ఎండలో, బయట, నాలుగైదు రోజులు. చెప్తూ మొహాలు చూశాను. అమ్మ పిడికిలి బిగించింది. పిన్ని, "మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారే?" అంది. నాన్న గ్లాసు బల్ల మీద పెట్టబోయి, అంచు తప్పి, మళ్లీ సర్దుకుని పెట్టాడు.

పిన్ని ప్రశ్న సరైనదే. అమ్మ ఎనిమిదిన్నరకి డ్యూటీకి వెళ్తే సాయంత్రం ఐదున్నరకి వస్తుంది. నాన్నకి బజారు సందులో వాచీల రిపేరు కొట్టు. తొమ్మిదింటికి వెళ్తే వచ్చేసరికి ఆరు. నేనూ తొమ్మిదికే బయటపడతాను. పిన్ని తొమ్మిదిన్నరకి వెళ్లి రెండున్నరకి వస్తుంది. తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా ఇల్లు ఖాళీ. తాళాలు నాలుగు, నలుగురి దగ్గరా ఒకటి.

మంగళవారం పొద్దున మిద్దె ఎక్కాను. పిట్టగోడ పక్కన, దుమ్ములో గుండ్రటి మరక కనిపించింది. నీళ్లు కారి ఎండిన చారలా ఉంది. టేపు పెట్టి కొలిచాను. కుండీ అడుగు ఎంతుందో అంతే.

"ఏంటమ్మాయ్, భూమి కొలతలా? నాకూ ఓ రెండు సెంట్లు రాయి," అన్నాడు డ్రిల్లు మాస్టారు, చేతులు పైకెత్తి దించుతూ. పై వాటాలో అద్దెకుంటాడు. రిటైరై పదేళ్లయినా పొద్దున్నే తనకి తానే డ్రిల్లు చేయించుకుంటాడు.

"మాస్టారూ, ఇక్కడ మా కుండీ ఎప్పుడైనా చూశారా?"

"చూడకేం? పోయిన వారమంతా మధ్యాహ్నం ఇక్కడే ఉంది. పన్నెండింటికి బట్టలు తీయడానికొచ్చినప్పుడల్లా కనిపించేది. దానికీ డ్రిల్లు చేయిస్తున్నారనుకున్నా."

"ఎవరు పెట్టారు?"

"నేను చూళ్లేదు. మెట్ల మీద అడుగులు మాత్రం వినిపించేవి. నెమ్మదిగా, ఒక్కో మెట్టూ తడుముకుంటున్నట్టు. ముళ్లంటే భయం కదా మరి." కాస్త దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏమన్నా దొంగతనమా? ఇంటిదొంగని దేవుడైనా పట్టలేడమ్మాయ్. నిన్న మధ్యాహ్నం కూడా ఇక్కడే ఉంటుందనుకున్నా, లేదు."

నిన్న మొక్క నాతో నర్సరీలో ఉంది. మంగళవారం, బుధవారం, గురువారం మాస్టారిని వరసగా అడిగాను. మూడు రోజులూ కుండీ మిద్దె ఎక్కలేదు.

కానీ మూడు రోజులూ సాయంత్రానికి గీత మాత్రం తప్పు వైపే ఉంది.

అంటే ఎవరో దాన్ని ఇంకా కదుపుతున్నారు. మిద్దె మీదకి తీసుకెళ్లడం మాత్రం మానేశారు. మానేసింది ఎప్పట్నుంచి? నర్సరీ ఆయన మాట నేను చెప్పిన మర్నాటి నుంచి. ఆ మాట విన్నది ముగ్గురే. ఆ ముగ్గురూ నా ఎదురుగా కూర్చుని టీ తాగారు.

అనుమానితుల జాబితాలోంచి నాన్న పేరు వెంటనే కొట్టేశాను. మొదటి కారణం, ఆయన పగలంతా కొట్లో ఉంటాడు. రెండోది ఇంకా గట్టిది. నాన్న ఏ వస్తువు తీసినా తీసిన చోటే, తీసినట్టే పెట్టే మనిషి. నలభై ఏళ్లు మిల్లీమీటరు మరలతో కాపురం చేసినవాడు. అగ్గిపెట్టె తీసి పెట్టినా బొమ్మ పైకే ఉంటుంది. ఆయన కుండీ తీస్తే గీత వెంట్రుకవాసి కూడా జరగదు. ఇది ఎవరో చెయ్యి తిరగని మనిషి పని.

నాకు మిగిలింది పిన్ని, వేలి కట్టుతో సహా.

శుక్రవారం పొద్దున బయల్దేరేముందు, కుండీకీ కిటికీ చువ్వకీ మధ్య నా తలవెంట్రుక ఒకటి లాగి జిగురుతో అంటించాను. సాయంత్రానికి తెగిపోయి ఉంది. మర్నాడు ఆఫీసు నుంచి లైబ్రరీకి ఫోన్ చేసి, పిల్లల పుస్తకాలేవో కావాలన్నట్టు మాట కలిపి, పిన్ని ముందురోజు ఎక్కడుందని అడిగాను. రెండింటిదాకా కుర్చీలోంచి లేవలేదట. ఆ వారం కొత్త పుస్తకాలకి అట్టలు వేస్తున్నారట. సాయంత్రం నేను ఇంటికొచ్చాక పిన్ని నా చెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాగింది.

"నా మీద నిఘా పెట్టావా?"

"లేదు పిన్నీ."

"లైబ్రరీకి ఫోన్ చేసి, మా పిన్ని అక్కడే ఉందా అని అడిగితే నాకు తెలీదా? దానికి నేనెందుకు ఎండ పెడతానే, నా ఖర్మ కాకపోతే! దాన్ని చంపాలనుకుంటే చెత్తబండిలో వేసేదాన్ని. పైన కాల్చి కింద పెట్టేంత ఓపిక నాకు లేదు."

ఆమె చెప్పింది నిజమని నాకు తెలిసిపోయింది. ఆ తర్వాత వచ్చిన ఆలోచన నాకు నచ్చలేదు. పిన్ని కూడా అదే అనుకుంటోందని ఆమె మొహంలో కనిపించింది.

"ఆసుపత్రి పది నిమిషాల దూరం," అంది మెల్లగా. "లంచి టైములో వచ్చి, ఏదో చేసి, వెళ్లాక గుర్తుండటం లేదేమో. మొన్న తాళం వేశానా లేదా అని వీధి చివర నుంచి రెండుసార్లు వెనక్కొచ్చింది."

వెనక ఏదో చప్పుడైంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో ఖాళీ లంచిబాక్సుతో. దాన్ని తొట్టిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆదివారం మళ్లీ గొడవ. ఈసారి గుడ్డకి పెట్టిన పిన్నీసులు నిలువుగా ఉన్నాయి. అమ్మ ఎప్పుడూ అడ్డంగా పెడుతుంది.

"నేనలా పెట్టను," అంది.

"పెట్టి మర్చిపోయుంటావు," అన్నాడు నాన్న. ఇది రెండోసారి.

"ఇంట్లో ఎవరో నాటకాలాడుతున్నారు. నాకు మతి పోయిందని రుజువు చేసి ఏం సాధిస్తారో చెప్పమనండి!"

"ఎవరాడతారు? నీకు వయసొస్తోంది, నాకూ వస్తోంది. ఒప్పుకుంటే పోయేదానికి..."

"మీరు ఒప్పుకోండి. నాకు రాలేదు."

ఆ 'రాలేదు' అన్న మాటలో ఇంకా జోరుంది. తర్వాతి వారంలో అది కరిగిపోవడం నా కళ్లతో చూశాను. వారం మధ్యలో ఒక సాయంత్రం అమ్మ కుండీ ముందు నిలబడి, కాగితం చూసి, గీత చూసి, మళ్లీ కాగితం చూసింది. నాన్న వాకిట్లో చెప్పులు విడుస్తూ, అడక్కుండానే అన్నాడు.

"మర్చిపోయుంటావులే."

అమ్మ కాగితం మీంచి చూపు తిప్పుకుంది.

"అవునేమో," అంది.

ఆ రాత్రి నుంచి కాగితం మీద ఏమీ రాయలేదు.

గురువారం నాకు ఆసుపత్రి వైపు ఒక కాలిన ఫర్నిచరు షాపు చూసే పని పడింది. పొద్దున మళ్లీ వెంట్రుక అంటించి బయల్దేరాను. పదకొండున్నరకి మందుల కౌంటరు దగ్గరికి వెళ్తే వరస వరండా దాటి మెట్ల దాకా ఉంది. ఎప్పుడూ అక్కడ నలుగురికి మించి ఉండరు. అమ్మ చెయ్యి అంత చురుకు.

అమ్మ ఒక మాత్రల అట్ట తీసి, చీటీ చూసి, పేరు చదివి, అట్ట కింద పెట్టి, మళ్లీ చీటీ చూసి, అట్ట మళ్లీ తీసి, వెలుతురుకి ఎత్తి చదివి, పక్కనున్న అమ్మాయికి చూపించి, అప్పుడు ఇచ్చింది. తీసుకున్నాయన రెండడుగులు వేశాడో లేదో, "ఒక్కసారి ఇటివ్వండి," అని వెనక్కి పిలిచింది.

"అమ్మగారూ, ఇది మందా, పెళ్లిసంబంధమా? ఇన్నిసార్లు చూస్తున్నారు?" అన్నాడెవరో వరసలోంచి. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వబోయింది.

నన్ను చూసి అరలోంచి ఒక కవరు తీసింది. లోపల పక్కగదిలో, దూదికట్టల మధ్య నిలబడి చదివాను. ఆరోగ్య కారణాల వల్ల ఉద్యోగానికి రాజీనామా. తేదీ వచ్చే సోమవారం.

"అమ్మా, పిచ్చా నీకు?"

"అదే తేలాల్సింది." గొంతు మామూలుగానే ఉంది. "చూడు, ఇప్పటిదాకా ఏ తప్పూ జరగలేదు. జరక్కముందే లేవాలి. మొక్క విషయంలో చేసింది గుర్తుండట్లేదు. రేపు ఎవరి పిల్లకో బీపీ మాత్ర ఇచ్చి మర్చిపోతే? నా చేతి మీద నాకే అనుమానం వచ్చిందే. అలాంటి చేత్తో మందు ఇవ్వకూడదు."

"ఈ వారం లంచికి ఇంటికొచ్చావా?"

"లంచా? వరస చూశావుగా. కుర్చీలోంచి లేవడానికే లేదు. కావాలంటే ఈ అమ్మాయిని అడుగు."

పక్కనున్న అమ్మాయి తలూపింది. "పొద్దున్నించీ మేడమ్ మంచినీళ్లకి కూడా లేవలేదండీ. వారమంతా ఇంతే."

ఫర్నిచరు షాపు పని సగంలో వదిలేసి రెండింటికి నేరుగా ఇంటికెళ్లాను. తాళం వేసే ఉంది. తీసి లోపలికి నడిచాను. వెంట్రుక తెగి ఉంది. గీత గోడవైపు ఉంది.

అమ్మ కౌంటరులో ఉంది. పిన్ని లైబ్రరీలో ఉంది. జాబితాలో నేను మొదట్లోనే కొట్టేసిన పేరు ఒక్కటే మిగిలింది. అయినా నమ్మలేదు. కారణం కనిపించడం లేదు. నిప్పంటించినవాడికి ఏదో ఒక లాభం ఉండాలి. ఒక కుండీ పక్కకి తిప్పితే నాన్నకి ఏమొస్తుంది?

శుక్రవారం సెలవు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని బయల్దేరి, సందు తిరిగి, వెనక మెట్ల మీదుగా మిద్దె ఎక్కి, మాస్టారి గది పక్కన నీడలో కూర్చున్నాను. తొమ్మిదిన్నరకి పిన్ని గేటు వేసి వెళ్లింది. తొమ్మిది నలభైకి గేటు మళ్లీ తెరుచుకుంది. చప్పుడు రాకుండా, గడియ పట్టుకుని తీసిన తీరు.

పావుగంట ఆగి కిందకి దిగాను. ముందుగది తలుపు దగ్గరగా వేసి ఉంది.

తెరలు రెండూ పూర్తిగా తీసేసి ఉన్నాయి. తెల్లగుడ్డ మడతపెట్టి కుర్చీ మీద ఉంది. కాక్టస్ నేల మీద, బీరువా నీడలో ఉంది. అది ఉండాల్సిన గట్టు మీద నాన్న పనిముట్ల పళ్లెం, దాని మీద తెల్ల రుమాలు, రుమాలు మీద విప్పిన చేతి వాచీ. నాన్న స్టూలు కిటికీకి ఆనించి కూర్చున్నాడు. ఎండ ఆయన చేతుల మీద నేరుగా పడుతోంది. కంటికి భూతద్దం లేదు.

ఆయన వాచీ వైపు చూడటం లేదు. తల బాగా పక్కకి తిప్పి, గోడ వైపు చూస్తున్నాడు. చేతులు మాత్రం వాచీ మీద పనిచేస్తున్నాయి.

పట్టకారు జారింది. ఒక చిన్న మరమేకు రుమాలు మీద పడింది. తెల్లగుడ్డ మీద నల్లటి చుక్కలా గుమ్మం దగ్గరున్న నాకు కనిపిస్తోంది. నాన్న కళ్లు దాని మీదకి వెళ్లాయి. వెళ్లి దాటిపోయాయి. తర్వాత ఆయన వేళ్లు రుమాలు అంచు నుంచి మొదలుపెట్టి, అన్నం మెతుకులు ఏరినట్టు, అంగుళం అంగుళం తడుముకుంటూ వచ్చాయి. మరకి వేలెడు దూరంలో ఆగి, వెనక్కి మళ్లి, మళ్లీ అంచు నుంచి మొదలుపెట్టాయి.

నేను వెళ్లి ఆ మర తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

చెయ్యి మూసుకుంది. తల తిప్పలేదు.

"సెలవా ఇవాళ?" అన్నాడు.

"అవును."

"ఎంతసేపైంది వచ్చి?"

"ఇప్పుడే." ఆయన పక్కన కూర్చున్నాను. "అమ్మ సోమవారం రాజీనామా ఇస్తోంది నాన్నా. కాగితం నేను చూశాను."

ఆయన మరని మెల్లగా పళ్లెం మూలకి జరిపాడు. అది జారిపోకుండా ఇంకో చేత్తో అడ్డం పెట్టాడు.

"కొట్టుకి వెళ్లను ఇవాళ," అన్నాడు. "అమ్మ వచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

పనిముట్లు తీయలేదు. గుడ్డ పెట్టలేదు. ఎండ గట్టు దాటి వెళ్లిపోయాక కూడా ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. పిన్ని రెండున్నరకి వచ్చి, చూసి, నా వైపు కనుబొమలెగరేసింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె వంటగదిలోకి వెళ్లింది, కానీ గిన్నె చప్పుడు ఒక్కటీ రాలేదు.

ఐదున్నరకి అమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. నేల మీద కుండీ, గట్టు మీద పళ్లెం, స్టూలు మీద నాన్న. ఒక్కోదాన్నీ విడివిడిగా చూసింది.

"ఏంటండీ ఇది? కొట్టు తెరవలేదా?"

నాన్న లేచి నిలబడ్డాడు. అమ్మ మొహం వైపు కాకుండా కొంచెం పక్కకి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"నువ్వేం మర్చిపోలేదు. ముందు ఆ మాట విను. కుండీ తీసింది నేను. మిద్దె మీద పెట్టింది నేను. పిన్నీసులు నిలువుగా గుచ్చింది నేను. నన్నలా చూడకు, చూసినా నాకు తెలీదు. నీ మొహం మధ్యలో నాకో మచ్చ కనిపిస్తుంది. ఏది చూస్తే దాని మీద మచ్చ. పక్కన ఏముందో తెలుస్తుంది. అందుకే నడుస్తాను, తింటాను, గేటు తీస్తాను, ఎవరికీ తెలీలేదు. కంటి డాక్టరు దగ్గరికి ఎండాకాలం ముందే వెళ్లాను. శుక్లమైతే కోసేవాడిని, ఇది వెనక పొర అరిగిపోవడం, కోస్తే వచ్చేది కాదన్నాడు. కొట్లో దీపం చాలదు. ఈ కిటికీలో ఎండ నేరుగా పడినప్పుడు, తల పక్కకి తిప్పితే, కొంచెం అందుతుంది. పదకొండు వాచీలు తీసుకుని ఉన్నాను. నలభై ఏళ్లలో బాగుచెయ్యకుండా ఒక్కటి వెనక్కివ్వలేదు. ఆ పదకొండూ అయ్యాక చెబుదామనుకున్నాను. స్టూలు మీద ఉన్నన్నాళ్లు మొక్క నాకు అడ్డం రాలేదు. గట్టు మీదకి ఎక్కించావు. తీశాను. దాని వెలుతురు రోజుకి రెండు గంటలు నేను తింటున్నానని బాధేసింది. రెండు గంటలు తీసుకున్నాను కదా, రెండు గంటలు ఇచ్చేస్తే సరిపోతుందని మధ్యాహ్నం మిద్దె మీద పెట్టాను. గంటంటే ఎప్పుడైనా గంటే అనుకున్నాను. నా పనిలో అంతే కదా. అది కాలింది. కాలిందని నాకు కనపడలేదు, నువ్వు కేక పెడితే తెలిసింది. ఆ గీత ఉందని కూడా నువ్వు అరిచాకే తెలిసింది. ఎంత తడిమినా పెన్సిలు గీత చేతికి తగల్దు కదా. మొదటిసారి, మర్చిపోయుంటావు అన్నప్పుడు నోరు జారింది. నిజం, అది జారిందే. నువ్వు పోట్లాడావు. బతికాననుకున్నాను. రెండోసారి కావాలనే అన్నాను. అప్పుడూ పోట్లాడావు. మూడోసారి చెప్పులు విప్పుతూ అన్నాను, నువ్వేమీ అడక్కముందే. అవునేమో అన్నావు. నా మాట మీద నువ్వు నీ బుర్రనే వదిలేశావు. అప్పుడే చెప్పాల్సింది. గుమ్మంలోనే నిలబడ్డాను, నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకంటే ఆ రోజుకి పది అయ్యాయి. ఇంకొక్క వాచీ మిగిలుంది."